రొయ్యకి కౌంట్ అడిగినట్టే కారుకి నెల అడగండి

అందరికీ నమస్కారమండి.

చెరువు పట్టుబడికి వచ్చిందని కబురు పెడితే కొనేవాడు ముందు ధర చెప్పడు, కౌంట్ అడుగుతాడు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయని. ముప్పయ్యా, యాభయ్యా, వందా? కౌంట్ తెలియకుండా చెప్పిన ధర ధరే కాదని ఈ హాల్లో అందరికీ తెలుసు. ధాన్యమూ అంతే. తేమ 17 శాతం లోపుందో లేదో చూశాకే బస్తా మాట. అలాంటి మనం పది లక్షలు పెట్టి కారు కొనేటప్పుడు మాత్రం "డిస్కౌంట్ ఎంతిస్తారు?" అని ఒక్క ప్రశ్న అడిగి, వచ్చిన జవాబుతోనే బేరం ముగించేస్తున్నాం. ఆన్‌లైన్‌లో కార్ల బేరం కుదిర్చే బ్రోకర్లకి మన ఈ అలవాటే పెట్టుబడి. వాళ్లని వాడుకోవద్దని నేననను. వాడుకోవాలి. కాకపోతే వాళ్ల చేత ఏం చెప్పించుకోవాలో మనకి తెలిసుండాలి.

ముందు వీళ్లెవరో చూద్దాం. కార్‌వాలే, కార్‌దేఖో లాంటి పోర్టళ్లు ఒక రకం. మొదటిది 2005లో, రెండోది 2008లో మొదలయ్యాయి. మీకు కొత్త కారు బిల్లు వేసేది ఇవి కాదు, డీలరే. "ఆఫర్లు చూపించు" అని నొక్కి నంబరు ఇచ్చారంటే అది డీలరుకి చేరుతుంది. కొనే ఉద్దేశం ఉన్న మనిషి వివరాలు దొరికినందుకు అవతలి నుంచి పోర్టల్‌కి డబ్బు వస్తుంది. రెండో రకం కంపెనీల సొంత సైట్లు. హ్యుందాయ్ వాళ్ల క్లిక్ టు బై, మహీంద్రా వాళ్ల ఓన్ ఆన్‌లైన్ 2020లో వచ్చాయి. అక్కడ బుక్ చేసినా బండి చేతికిచ్చేది డీలరే. మూడో రకం లోను ఇప్పించే యాప్‌లు. నాలుగో రకం వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో "ఏ కంపెనీ బండైనా షోరూమ్ కంటే తక్కువకి ఇప్పిస్తాం" అనే మనుషులు. మన వైపు ఎక్కువగా తగిలేది ఈ నాలుగో రకం. జాగ్రత్త పడాల్సిందీ వీళ్ల దగ్గరే.

అమెరికాలో ఇలాంటి సైట్లు బాగా నడవడానికి ఒక కారణం ఉంది. డీలరుకి కంపెనీ వేసే ఇన్‌వాయిస్ ధర ఎంతో అక్కడ కొనేవాడు తెలుసుకోగలడు. మన దేశంలో ఆ అంకె బయటికి రాదు. కాబట్టి ఇక్కడ బ్రోకరు "డీలరు అసలు ధర" అని ఏదైనా కాగితం చూపిస్తే నమ్మకండి. ఇంకో మాట. మెర్సిడెస్ బెంజ్ 2021 అక్టోబరు నుంచి దేశమంతా ఒకే ధరకి కంపెనీ పేరుతోనే బిల్లు వేస్తోంది. అలాంటి చోట డీలరే ధర తగ్గించలేడు, బ్రోకరు తగ్గించగలిగేది అసలే లేదు.

బ్రోకరు మన దగ్గర రుసుము తీసుకోడు. మరి ఆయనకేం మిగులుతుంది? మూడు చోట్ల నుంచి వస్తుంది. బండి అమ్మించినందుకు డీలరు ఇచ్చే కమీషన్ ఒకటి, లోను ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చే పేఅవుట్ ఒకటి, ఇన్సూరెన్స్ మీద వచ్చేది ఒకటి. అంబాజీపేటలో కొబ్బరికాయ అమ్మేవాళ్లకి కమీషన్ వ్యాపారి లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయన ఎటు నుంచి తింటున్నాడో తెలిస్తే మనం ఎటువైపు చూడాలో తెలుస్తుంది. డిస్కౌంట్ ఎక్కువ చూపించి "లోను మా ద్వారానే, ఇన్సూరెన్స్ మా ద్వారానే" అని షరతు పెట్టాడంటే, తగ్గించింది ఆ రెండు చోట్లా తిరిగి లాగుతాడన్నమాట.

ఇప్పుడు డిస్కౌంట్ అనే మాటని విప్పి చూద్దాం. 50 వేలు అన్నారంటే అది ఒక ముక్క కాదు. కంపెనీ అందరికీ ఇచ్చే క్యాష్ ఆఫర్, పాత కారు ఇస్తే ఎక్స్చేంజ్ బోనస్, తుక్కుకి ఇస్తే స్క్రాపేజ్ బోనస్, ఉద్యోగులకి కార్పొరేట్, రైతులూ టీచర్ల లాంటివాళ్లకి రూరల్ ఆఫర్, అదే కంపెనీ బండి ఇంట్లో ఉంటే లాయల్టీ, చివర్న డీలరు తన మార్జిన్‌లోంచి వదులుకునేది. బ్రోకరు వీటన్నిటినీ కూడి పెద్ద అంకె పోస్టు చేస్తాడు. పాత కారు లేనివాడికి ఎక్స్చేంజ్ బోనస్ ఎలా వస్తుంది? రాదు. లేకపోతే "ఎవరిదో ఒక ఆర్సీ పెడతాంలెండి, ఎవరిదో ఒక ఐడీ కార్డు పెడతాంలెండి" అంటాడు. దానికి ఒప్పుకోకండి. ఆ కాగితాలు కంపెనీకి క్లెయిము కింద వెళతాయి. క్లెయిము తిరిగొచ్చిందంటే డీలరు మిమ్మల్ని పట్టుకుని ఆ డబ్బు కట్టమంటాడు. తప్పుడు గుర్తింపు కాగితం మీ పేరున ఉన్న ఫైల్లో ఉంటుంది. అందుకే "ఈ మొత్తంలో నాకు వర్తించేవి ఏవి, ఒక్కోటి ఎంత?" అని విడివిడిగా రాయించుకోండి.

డీలరు తన సొంత డిస్కౌంట్‌ని కాగితం మీద పెట్టడానికి ఎందుకు జంకుతాడంటే దానికీ కారణం ఉంది. 2021 ఆగస్టులో, వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ మారుతీ సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తాను ఖరారు చేసినదానికంటే ఎక్కువ డిస్కౌంట్ ఇచ్చిన డీలర్లని కంపెనీ దండిస్తోందనీ, కొనేవాళ్లలా నటించే మనుషుల్ని షోరూములకి పంపి మరీ పట్టుకుంటోందనీ కమిషన్ తేల్చింది. కంపెనీ దాని మీద అప్పీలుకి వెళ్లింది. మనకి పనికొచ్చే సంగతేమిటంటే, డీలరు ధర తగ్గించలేని చోట మ్యాట్లు, సీటు కవర్లు, ఎక్స్‌టెండెడ్ వారంటీ రూపంలో తగ్గించగలడు. "ధర ఇంతేనండి" అని గట్టిగా అన్నప్పుడు పట్టు మార్చి వారంటీ అడగండి. సీటు కవర్లకంటే నాలుగో ఏడు, ఐదో ఏడు వారంటీ ఎన్నో రెట్లు మేలు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. పొడవు 4 మీటర్ల లోపు ఉండి పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకి 18 శాతం, అంతకంటే పెద్దవాటికి 40 శాతం, ఎలక్ట్రిక్ కారుకి 5 శాతం. ఆ రోజున తగ్గిన ధర ప్రభుత్వం పన్ను తగ్గించడం వల్ల తగ్గింది. పాత ధర కొట్టేసి, పక్కన కొత్త ధర వేసి ఆ తేడాని తన డిస్కౌంట్‌గా చూపించే పోస్టులు కనపడితే వదిలేయండి. ఇవాళ్టి ఎక్స్‌షోరూమ్ ధర, అంటే లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర, కంపెనీ సైట్‌లో ఉంటుంది. లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇక ఆన్‌రోడ్ లెక్క, అంటే అన్నీ కలిపి బండి రోడ్డెక్కేసరికి పడే ధర. ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం, డబ్బు పోయేది ఇక్కడే. 9 లక్షల ఎక్స్‌షోరూమ్ కారు అనుకోండి. బ్రోకరు తెచ్చిన కొటేషన్‌లో డిస్కౌంట్ 45 వేలు, ఇన్సూరెన్స్ 48 వేలు, యాక్సెసరీస్ కిట్ 25 వేలు, హ్యాండ్లింగ్ 8,500. మన ఊరి డీలరు డిస్కౌంట్ 25 వేలే అన్నాడు, బయట ఇన్సూరెన్స్‌కి ఒప్పుకున్నాడు. అది 31 వేలకి దొరికింది. కిట్ లేదు, హ్యాండ్లింగ్ లేదు. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఇద్దరికీ సమానమే కాబట్టి పక్కన పెడదాం. మొదటిది 9,36,500. రెండోది 9,06,000. 45 వేలు తగ్గించినవాడి దగ్గర బండి 30,500 ఎక్కువ పడింది. అందుకే డిస్కౌంట్ అంకెని అడగడం మానేసి, "చేతికి తాళం ఇచ్చేసరికి మొత్తం ఎంత?" అని అడగండి.

హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, స్టాక్‌యార్డు ఛార్జీ అని రకరకాల పేర్లతో వేసేదానికి చట్టంలో చోటు లేదు. కొట్టేయమనండి. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండితోపాటే రావాలి, దాని ఖరీదు బండి ధరలో కలిసే ఉంటుంది. 10 లక్షలు దాటిన కారుకి 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడు వసూలు చేసి మీ పేరున కట్టే ఆదాయపు పన్ను, తీసుకుంటారు. అది ఖర్చు కాదు. పాన్ నంబరు సరిగ్గా ఇస్తే మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనపడుతుంది, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుకోవచ్చు. ఇద్దరి కొటేషన్లు పోల్చేటప్పుడు దాన్ని రెండు వైపులా తీసేసి చూడండి.

ఇన్సూరెన్స్ సంగతికి వద్దాం. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. దాని ప్రీమియం ఎవరి దగ్గర కొన్నా ఒకటే. 2022 జూన్ నుంచి వచ్చిన పట్టిక ప్రకారం మూడేళ్లకి 1000 సీసీ లోపు 6,521, 1500 లోపు 10,640, ఆపైన 24,596 రూపాయలు, జీఎస్టీ అదనం. కాబట్టి తేడా అంతా సొంత డ్యామేజీ భాగంలోనూ, యాడ్‌ఆన్లు అనే అదనపు కవర్లలోనూ వస్తుంది. డీలరు చెప్పిన కంపెనీలోనే ఇన్సూరెన్స్ చేయించాలని బలవంతం చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. "బయట చేయిస్తే క్యాష్‌లెస్ రాదు" అన్న మాటా నిజం కాదు. ఆ వర్క్‌షాపుతో మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఒప్పందం ఉంటే క్యాష్‌లెస్ వస్తుంది, జాబితా కంపెనీ సైట్‌లోనే ఉంటుంది. "బయట ఇన్సూరెన్స్ అయితే డిస్కౌంట్ లేదు" అంటే కోప్పడకండి, రెండు రకాలుగానూ మొత్తం రాసిమ్మనండి.

ప్రీమియం తక్కువ చూపించే దొంగదారి ఒకటుంది. ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టే విలువ, తగ్గించేస్తారు. కొత్త బండికి ఐడీవీ ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం ఉండాలి. 9 లక్షల కారుకి 8,55,000. అంతకంటే తక్కువ ఉంటే రేపు బండి పోయినప్పుడు పరిహారం తగ్గుతుంది. మన డెల్టాలో ఇంకొకటి తప్పక చూడాలి, ఇంజిన్ ప్రొటెక్షన్. లంకల్లో, పల్లపు వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి నీరు లాక్కుంటుంది. నీరు నొక్కుకుపోదు కదండీ, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు పాలసీలో ఆ నష్టం ఇవ్వరు. బ్రోకర్ కొటేషన్ చవగ్గా ఉందంటే ఈ యాడ్‌ఆన్, మార్చిన భాగాలకి తరుగు కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ ఉన్నాయో తీసేశారో ముందు చూడండి.

లోను దగ్గర జరిగేది కంటికి కనపడదు. 8 లక్షలు, 84 నెలలు. 9 శాతానికి ఈఎంఐ దాదాపు 12,870. అదే 9.75 శాతానికైతే దాదాపు 13,180. నెలకి మూడొందల చిల్లర తేడా ఎవరికీ బరువనిపించదు. ఏడేళ్లలో అది 25 వేలు దాటుతుంది. డిస్కౌంట్‌గా ఇచ్చిన 25 వేలు ముప్పావు శాతం వడ్డీతో వెనక్కి తీసుకున్నట్టే. మీ బ్యాంకు దగ్గర ముందే మంజూరు కాగితం తెచ్చుకుని బేరానికి వెళ్లండి. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే పడే ఛార్జీ రెండూ అడగండి. సార్వా డబ్బో రొయ్యల డబ్బో చేతికొచ్చినప్పుడు లోను తీర్చేద్దామనుకునేవాళ్లకి ఆ రెండోది ముఖ్యం.

ఇప్పుడు అసలు కౌంట్ దగ్గరికొచ్చాం, బండి తయారైన నెల. ఎనిమిది నెలలు యార్డులో ఎండకి ఎండి, వానకి తడిసిన బండికి 60 వేలు తగ్గించడం గొప్ప కాదు. పోయిన నెల తయారైన బండికి 20 వేలు తగ్గించడం గొప్ప. కోటేషన్ అడిగేటప్పుడే వేరియంట్, రంగు, ఛాసిస్ నంబరు, తయారీ నెల రాయమనండి. ఛాసిస్ నంబరులో అంకెలూ అక్షరాలూ కలిపి 17 ఉంటాయి. చాలా కంపెనీలు ఏడాదికో అక్షరం వాడతాయి. 2024కి ఆర్, 2025కి ఎస్, 2026కి టీ. నెల గుర్తు, అది ఉండే స్థానం కంపెనీని బట్టి మారతాయి, మీ కంపెనీది చూసుకోండి. చివరికి ఫారం 21 అనే సేల్ సర్టిఫికెట్‌లో తయారైన నెల, సంవత్సరం రాసి తీరాలి. ఏడు మారిందంటే అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. జనవరిలో కొంటూ డిసెంబరు బండి తీసుకుంటే ఆ నష్టం ఇప్పుడే బేరంలో రాబట్టుకోవాలి.

అడిగే పద్ధతి చెబుతాను. ఇంట్లో వాడని సిమ్ నంబరు ఒకటి, విడి ఈమెయిల్ ఒకటి పెట్టుకోండి. లేకపోతే నెల రోజులు ఫోన్లు ఆగవు. కారు ముందే షోరూమ్‌లో నడిపి చూసి, వేరియంట్ ఖాయం చేసుకోండి. ఆ తర్వాతే రెండు పోర్టళ్లలో, ఒక బ్రోకరు దగ్గర అడగండి. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, ఏలూరు, విజయవాడ, వీటిలో కనీసం మూడు ఊళ్ల డీలర్ల కొటేషన్లు ఒకే వారంలో తెప్పించండి. నెల మారితే ఆఫర్లు మారిపోతాయి, పోల్చడానికి పనికిరావు. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39తో మొదలుపెట్టి ఒకే శ్రేణి నంబర్లు ఇస్తున్నారు కాబట్టి ఏ జిల్లాలో కొన్నా నంబరు గురించి దిగులు లేదు. అన్నిటికంటే తక్కువ వచ్చిన కాగితం పట్టుకుని మీకు దగ్గర్లోని డీలరు దగ్గరికి వెళ్లి, "ఇంతకి ఇస్తారా?" అని అడగండి. ఐదు వేలు అటూఇటూ ఉంటే దగ్గర్లోనే కొనండి. రేపు హారన్ పనిచేయకపోతే విజయవాడ దాకా వెళ్లలేం కదా.

డబ్బు కట్టేటప్పుడు ఒకే ఒక్క నియమం. బ్రోకరు ఫోన్‌పేకి ఒక్క రూపాయి కూడా పంపకండి. బుకింగ్ సొమ్మైనా, టోకెన్ అడ్వాన్సైనా డీలరు కంపెనీ ఖాతాకే. కొటేషన్ మీద ఉన్న పేరూ ఖాతా పేరూ ఒకటే అయి ఉండాలి. జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు చూడండి. మన రాష్ట్రానికి 37, తెలంగాణకి 36, పుదుచ్చేరికి 34. రాజమహేంద్రవరం డీలరన్న కాగితం మీద 36 ఉంటే, ఎందుకో అడగండి. ఆ నంబరుని జీఎస్టీ సైట్‌లో కొడితే వ్యాపారం పేరు వస్తుంది. డబ్బు కట్టిన రోజే షోరూమ్ ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి మీ పేరున బుకింగ్ ఎక్కిందో లేదో కనుక్కోండి. పంట డబ్బు నోట్లుగా ఉందని సంచిలో పట్టుకెళ్లకండి. 2017 ఏప్రిల్ నుంచి ఒక కొనుగోలుకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం నిషేధం. "మిలిటరీ క్యాంటీన్ ధరకి ఇప్పిస్తాం" అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఆ ధర సైనికులది, మనకి బదిలీ కాదు.

రిజిస్ట్రేషన్‌కి ముందే బండి చూడాలి. మీ పేరున నంబరు పడ్డాక వద్దనడానికి వీలుండదు. పగటి వెలుతురులో, బండి కడగకముందు, యార్డులోనే చూడండి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కాగితంతో కలవాలి. మీటరు వంద కిలోమీటర్లు దాటితే డెమో బండేమో అడగండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు ఏడు. బండి తయారైన నెల కంటే టైరు తేదీ తర్వాతిదైతే టైరు మార్చారని అర్థం. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగండి. చివర్న బురద చార ఉందంటే బండి మునిగింది. సీటు పట్టాల బోల్టులకి తుప్పు, మ్యాట్ కింద తడి వాసన కూడా అదే చెబుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచాక ఈ పరీక్ష ఎవరూ మానకూడదు.

ప్రశ్నలు అడగండి.

*యానాంలో కొంటే పన్ను తక్కువని బ్రోకరు అంటున్నాడండి, నిజమేనా?*

పుదుచ్చేరి కిందున్న యానాం బళ్లకి వేసే పీవై 04 నంబరు సంగతి కదా. మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం మీరు నివాసం ఉండే, బండి మామూలుగా ఉంచే రాష్ట్రంలోనే రిజిస్టర్ చేయాలి. యానాం వాసులకి ఆ హక్కుంది. తాళ్ళరేవులోనో ముమ్మిడివరంలోనో ఉంటూ యానాం అద్దె చీటీ పుట్టిస్తే అది తప్పుడు చిరునామా. 12 నెలలు దాటి ఇక్కడే తిరిగితే 47వ సెక్షన్ కింద ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే, ఇక్కడి పన్ను కట్టాల్సిందే. రెండు చోట్లా కట్టి, పట్టుబడిన చోట జరిమానా కట్టే బేరం అది.

*ధనుర్మాసంలో డిస్కౌంట్లు బాగుంటాయి, కానీ ఇంటికి తెచ్చుకోలేం. ఏం చేయాలి?*

ఏడాది చివరి ఆఫర్లు డిసెంబరు బిల్లుకే వర్తిస్తాయి. బిల్లు తేదీ వేరు, డెలివరీ తేదీ వేరు. డిసెంబరులో బిల్లు వేయించి సంక్రాంతికి తెచ్చుకోవచ్చు. అన్నాళ్లూ బండి యార్డులో కప్పు కింద ఉంచుతామని, బ్యాటరీ చూస్తామని రాయించుకోండి. లోను ఎప్పుడు విడుదలవుతుందో, ఈఎంఐ ఎప్పుడు మొదలవుతుందో కూడా బ్యాంకుతో మాట్లాడుకోండి. ఆషాఢంలోనూ ఇంతే.

*వేరే ఊళ్లో కొంటే మా ఊరి షోరూమ్ వాళ్లు "మేం సర్వీసు చెయ్యం" అంటున్నారు.*

కంపెనీ వారంటీ, ఉచిత సర్వీసులు ఆ కంపెనీ అధీకృత వర్క్‌షాపు ఎక్కడున్నా చెల్లుతాయి. కాదంటే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఛాసిస్ నంబరుతో ఈమెయిల్ పెట్టండి.

*బుకింగ్ కట్టాక "ఆఫర్ అయిపోయింది, పాతిక వేలు ఎక్కువ కట్టండి" అంటే?*

బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో, బిల్లు రోజున ఉన్న ధరే వర్తిస్తుందని రాసుంటుంది. అందుకే కట్టేముందే ఫారం మీద మూడు మాటలు రాయించి సంతకం, ముద్ర వేయించుకోండి. మొత్తం ధర ఎంత, ఏ తేదీలోపు బిల్లు వేస్తారు, వేయకపోతే బుకింగ్ సొమ్ము పూర్తిగా ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. రాయనంటే అక్కడ కట్టకండి. రాసిచ్చి మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం డీలరు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. బ్రోకరు వాట్సాప్ మెసేజీలు కూడా చెరపకుండా ఉంచుకోండి, అక్కడ పనికొస్తాయి.